బేగం బజార్ బిల్లు మీద 64 అంకెలు

మీ ఇంట్లో ఎవరికైనా షాపు ఉండి, సరుకు బేగం బజార్ నుంచి తెప్పించుకుంటూ ఉంటే, ఒక పని చేయండి. ఈమధ్య వచ్చిన హోల్‌సేల్ బిల్లు ఒకటి తీసి పైభాగం చూడండి. క్యూఆర్ కోడ్ పక్కనో, దాని పైనో, ఐఆర్ఎన్ అని రాసి చిన్న అక్షరాల్లో ఒక పొడుగాటి వరస కనిపిస్తుంది. లైను ఎక్కడ అయిపోతే అక్కడ విరిగిపోయి రెండో లైనులోకి, ఒక్కోసారి మూడో లైనులోకి కూడా దిగుతుంది. అది హెక్సాడెసిమల్. మైక్రోప్రాసెసర్ ల్యాబ్‌లో కిట్ మీద నొక్కి, మార్కులు వేయించుకుని, మర్చిపోయిన అదే హెక్సాడెసిమల్.

దాని కథ ఇది. జీఎస్టీలో ఈ-ఇన్వాయిస్ పద్ధతి 2020 అక్టోబర్ 1న మొదలైంది. మొదట 500 కోట్ల టర్నోవర్ దాటిన పెద్ద కంపెనీలకే. తర్వాత హద్దు తగ్గిస్తూ వచ్చారు: 100 కోట్లు, 50, 20, 10. 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు. ఐదు కోట్లు అనగానే అది బేగం బజార్ లెక్కలోకి వచ్చేసింది. బయటికి పదడుగుల షట్టర్‌లా కనిపించే హోల్‌సేల్ కొట్టు కూడా ఏడాదికి అంత తిప్పేయొచ్చు. అలాంటి కొట్టు ఇంకో వ్యాపారికి బిల్లు రాస్తే, ముందు ఆ వివరాలు ప్రభుత్వ పోర్టల్‌కి వెళ్లాలి, అక్కడ ఐఆర్ఎన్ పడాలి. వేయాల్సినవాళ్లు అది వేయకుండా ఇచ్చిన బిల్లు అసలు బిల్లే కాదని జీఎస్టీ రూల్స్‌లో 48(5) చెబుతుంది. కొన్నవాడికి ట్యాక్స్ క్రెడిట్ గొడవ అక్కడే మొదలవుతుంది.

ఐఆర్ఎన్ ఎలా పుడుతుందంటే, అమ్మేవాడి జీఎస్టీ నంబరు, ఆర్థిక సంవత్సరం, డాక్యుమెంట్ రకం, బిల్లు నంబరు, ఈ నాలుగూ కలిపి ఎస్‌హెచ్ఏ-256లో వేస్తారు. 256 బిట్లు వస్తాయి. నాలుగు బిట్లకి ఒక హెక్స్ అంకె కాబట్టి 64 అంకెలు. మామూలు అంకెల్లో రాస్తే 78 దాకా అవుతుంది, అంటే హెక్స్ మనకి కొంత మేలే చేస్తోంది.

ఇక్కడ ఒక మాట. ఈ పత్రిక తెలుగుది కాబట్టి హెక్స్ అక్షరాల్ని కూడా తెలుగులోనే రాస్తున్నా. 10 అంటే ఏ, 11 బీ, 12 సీ, 13 డీ, 14 ఈ, 15 ఎఫ్. కింద ఉన్నది ఎవరి బిల్లుదీ కాదు, నేను కల్పించింది:

9ఈ4బీ07డీ2సీసీ813ఏఎఫ్650బీ9డీ17ఈ8సీ04ఎఫ్2ఏ36బీ5డీ00ఈ81సీ9ఎఫ్ఏ74బీడీ382ఈఈ6095సీ12ఎఫ్7ఏ

చదివారా? లేదు కదా. కళ్లు అలా జారిపోయాయి. నేను టైప్ చేస్తూ కూడా చదవలేదు.

మా మామ బేగం బజార్‌లో ఒక స్టీల్ సామాన్ల హోల్‌సేల్ కొట్టులో లెక్కలు చూస్తాడు. ఒకే పార్టీకి ఒకే రోజు రెండు బిల్లులు వెళ్తే, ఫోన్లో అవతలివాళ్లు "ఏ బిల్లు క్యాన్సిల్ చేస్తున్నరు?" అని అడిగితే, ఈ నంబర్ ఎట్లా చూసుకుంటావు మామా అని అడిగా. "మొదటి నాలుగు సూస్త, ఆఖరి నాలుగు సూస్త. నడుమల ఏమున్నదో దేవునికెర్క" అన్నాడు. ఇంకో సంగతి కూడా చెప్పాడు. పోర్టల్ ఐఆర్ఎన్‌తో పాటు ఎక్‌నాలెడ్జ్‌మెంట్ నంబర్ అని మామూలు అంకెల్లో 15 అంకెలది ఒకటి ఇస్తుంది. క్యాన్సిల్ చేయాలంటే అది కొట్టినా నడుస్తుంది. అందరూ అదే కొడతారట. అంటే హెక్స్‌ని చదవడం రాక జనం దాన్ని వదిలేసి పక్కదారి చూసుకున్నారు. పోర్టల్‌లో క్యాన్సిల్ చేయడానికి ఉండేది 24 గంటలు. అది దాటితే క్రెడిట్ నోట్ రాసుకోవాలి. తప్పు బిల్లు క్యాన్సిల్ అయితే తలనొప్పి నిజమైనదే.

మామ చేసేది తెలివితక్కువ పని కాదు. హ్యాష్ గుణం ఏంటంటే, బిల్లు నంబర్లో ఒక్క అంకె మారినా బిట్లలో దాదాపు సగం తారుమారవుతాయి. పక్కపక్క బిల్లులైనా ఐఆర్ఎన్‌లకి పోలికే ఉండదు. చేతిలో రెండే బిల్లులున్నప్పుడు ఏది ఏదో తెలుసుకోవడానికి మొదటి నాలుగు అంకెలు చాలు. కానీ అదే నంబర్ని చూసి రాయాల్సి వచ్చినా, ఫోన్లో చెప్పాల్సి వచ్చినా నాలుగు చాలవు, 64 కావాలి. ఇంకొకడు కావాలని పోలిక తెచ్చి మోసం చేసే చోట అయితే మొదటి నాలుగు, ఆఖరి నాలుగు అనే అలవాటు ప్రమాదం కూడా. కాబట్టి "హెక్స్ నంబర్ చదవడం" అనేది ఒక పని కాదు, చాలా పనులు. ఎంత పెద్దదో అంచనా వేయడం ఒకటి. రెండు నంబర్లు ఒకటేనా అని సరిచూడటం ఇంకొకటి. నోటితో చెప్పడం మరొకటి. ఒకదానికి పనికొచ్చే చిట్కా ఇంకోదానికి పనికిరాదు.

ముందు అంచనా సంగతి. ఇక్కడ మనవాళ్లకి ఎవరూ నేర్పక్కర్లేదు, నేర్చుకున్నది మర్చిపోయాం అంతే. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చేదాకా రూపాయికి 16 అణాలు. నిజాం సిక్కా రూపాయికి కూడా పదహారే. బేగం బజార్ గుమాస్తాలు తరాల తరబడి పదహారు లెక్కలోనే బతికారు. నాలుగు అణాలు పావలా, ఎనిమిది అణాలు అర్ధరూపాయి, పన్నెండు అణాలు ముప్పావలా. "పదహారణాల తెలుగు" అంటే నూటికి నూరుపాళ్లు తెలుగు అని. ఆ మాటలో నూరు లేదు, పదహారుంది.

ఈ కళ్లతో హెక్స్ చూడండి. ముందున్న అంకెని అణాలుగా తీసుకోవాలి, అంతే. రెండంకెల హెక్స్‌లో మొత్తం రూపాయి 256 అనుకుంటే, 40 అంటే పావలా, 80 అంటే అర్ధరూపాయి, సీ0 అంటే ముప్పావలా. 7బీ అంటే? ఏడున్నర అణాల పైమాట, సగానికి కొంచెం తక్కువ. 7 ఇంటు 16 ప్లస్ 11 అని గుణించి 123 తెచ్చి, దాన్ని మళ్లీ 256తో పోల్చి చూడాల్సిన అవసరమే లేదు. సీఎస్ఎస్‌లో సిల్వర్ అనే రంగు కోడ్ సీ0సీ0సీ0. ఎరుపు ముప్పావలా, పచ్చ ముప్పావలా, నీలం ముప్పావలా. గ్రే అయితే 808080, మూడూ అర్ధరూపాయలు. 32 బిట్ లైనక్స్‌లో, ఎక్స్86 మెషిన్ల మీద మామూలుగా కెర్నెల్ భాగం మొదలయ్యే అడ్రస్ సీ000 0000. ఓఎస్ క్లాసులో దీన్ని "4 జీబీలో 3 జీబీ యూజర్‌కి, 1 జీబీ కెర్నెల్‌కి" అని బట్టీ పట్టాం. సీ అంటే ముప్పావలా అని తెలిసినవాడికి బట్టీ అక్కర్లేదు. ముప్పావు దాకా యూజర్, ఆ పైన పావలా కెర్నెల్.

ఇంకొంచెం వెనక్కి వెళ్తే ఇంకా మంచి సంగతి ఒకటుంది. నేను ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం అదే.

తెలుగు లెక్కల్లో భిన్నాలకి వేరే గుర్తులుండేవి. మనం బడిలో ఇవి నేర్చుకోలేదు, నేనైతే యూనికోడ్ పట్టికలో తెలుగు భాగం చివరికి స్క్రోల్ చేస్తే చూశా. 0సీ78 నుంచి 0సీ7ఈ దాకా ఏడు గుర్తులు, 2008లో వచ్చిన యూనికోడ్ 5.1లో చేర్చారు. మెట్రిక్ కొలతలు రాకముందు కొలతల్లో వాడిన భిన్నాల అంకెలు అవి. లెక్క పదితో నడవదు, నాలుగుతో నడుస్తుంది. మొదటి స్థానం పావు, అంటే నాలుగో వంతు. రెండో స్థానం వీసం, అంటే పదహారో వంతు. "వీసమెత్తు కూడా లేదు" అంటాం చూశారా, ఆ వీసం. మూడోది కాని, 64వ వంతు. నాలుగోది 256వ వంతు. నాలుగు లెక్కలో రెండేసి స్థానాలు కలిపితే ఒక పదహారు లెక్క స్థానం అవుతుంది. అంటే పావు, వీసం జంటగా రాస్తే అది సరిగ్గా ఒక హెక్స్ అంకె.

అసలు అందం గుర్తుల ఆకారంలో ఉంది. పావుల స్థానంలో నిలువు గీతలు వాడతారు: ఒకటికి ౹, రెండుకి ౺, మూడుకి ౻. వీసాల స్థానంలో అడ్డ గీతలు: ౼, ౽, ౾. మళ్లీ తర్వాతి స్థానంలో నిలువు, ఆ తర్వాత అడ్డం. మన కల్పిత నంబర్లో మొదటి రెండంకెలు 9ఈ తీసుకోండి. 9 అంటే రెండు పావులు, ఒక వీసం: ౺౼. ఈ అంటే 14, మూడు నాలుగులు, పైన రెండు: ౻౽. కలిపి ౺౼౻౽. మీ ఫోన్లో ఇవి డబ్బాల్లా కనిపిస్తే నన్ను తిట్టుకోకండి, ఫాంట్‌ని తిట్టండి.

ఎందుకిలా నిలువూ అడ్డం మార్చి మార్చి రాస్తారు? వరసగా అన్నీ నిలువు గీతలే ఉంటే, రెండు స్థానాల్లో ఒక్కో గీత ఉందా, ఒకే స్థానంలో రెండు గీతలున్నాయా తెలియదు. మార్చి రాస్తే నువ్వు ఏ స్థానంలో ఉన్నావో గుర్తే చెబుతుంది. మధ్యలో ఒక స్థానం ఎగిరిపోతే రెండు నిలువు గుర్తులు పక్కపక్కన పడతాయి, కంటికి వెంటనే తగులుతుంది. సున్నాలు కూడా రెండు రకాలే. వీసాల వైపు స్థానాల్లో మామూలు సున్న. పావుల వైపు స్థానాల్లో ఉండే సున్నకి వేరే గుర్తు, వేరే పేరు: హళ్లి. "హళ్లికి హళ్లి, సున్నకి సున్న" అని అమ్మమ్మ అన్నప్పుడల్లా అది ప్రాస కోసం అనుకునేవాణ్ణి. హళ్లి అంటే ఒక సున్న అని, దానికి యూనికోడ్‌లో 0సీ78 అనే సొంత ఇల్లుందని ఎవరనుకుంటారు.

దీన్ని ఇప్పటి మాటల్లో చెప్పాలంటే, అంకెతో పాటు దాని స్థానం గురించి కూడా కొంచెం సమాచారం ఆకారంలోనే దాచడం. పొడుగు నంబర్ని చదవడంలో అసలు కష్టం అంకెల్ని గుర్తుపట్టడం కాదు. "ఎక్కడున్నాను" అన్నది తప్పిపోవడం. మామూలు నంబర్లకి ఈ కష్టం ఎందుకు రాదంటే, 12,45,300ని మనం పన్నెండు లక్షల నలభై ఐదు వేల మూడు వందలు అంటాం. ప్రతి ముక్కకీ పేరుంది. లక్షలు అయ్యాక వేలు రావాలని నోటికి తెలుసు. హెక్స్‌కి అలాంటి పేర్లు లేవు. 64 అంకెలూ అనాథలు.

కనీసం ముక్కలు చేయొచ్చు:

9ఈ4బీ 07డీ2 సీసీ81 3ఏఎఫ్6
50బీ9 డీ17ఈ 8సీ04 ఎఫ్2ఏ3
6బీ5డీ 00ఈ8 1సీ9ఎఫ్ ఏ74బీ
డీ382 ఈఈ60 95సీ1 2ఎఫ్7ఏ

అదే నంబర్. ఇప్పుడు "మూడో లైను రెండో ముక్క" అంటే ఇద్దరికీ ఒకే చోటు తెలుస్తుంది. నాలుగు లైన్లు, లైనుకి నాలుగు ముక్కలు, ముక్కకి నాలుగు అంకెలు. ముక్కకి నాలుగే ఎందుకంటే ఒక చూపులో పట్టేది సుమారు అంతే. ఐదారు పెడితే మళ్లీ లోపల లెక్కపెట్టుకోవాలి.

బిల్లు ప్రింట్ చేసే సాఫ్ట్‌వేర్‌లో ఇది ఒక్క లైను పని. పైథాన్‌లో 2016లో వచ్చిన 3.6 నుంచి ఫార్మాట్‌లోనే సదుపాయం ఉంది, హెక్స్‌లో నాలుగేసి అంకెలకి అండర్‌స్కోర్ దానంతటదే పెడుతుంది. జావా 7లో 2011 నుంచి కోడ్‌లో రాసే నంబర్లకి అండర్‌స్కోర్ పెట్టుకోవచ్చు. సీ ప్లస్‌ప్లస్‌కి 2014లో వచ్చింది, వాళ్లు కొటేషన్ గుర్తు ఎంచుకున్నారు, అది చూడటానికి బాగోదని నా అభిప్రాయం. స్క్రీన్ మీద అయితే ఒక జాగ్రత్త: ఖాళీ కంటికే ఉండాలి, కాపీ చేస్తే రాకూడదు. లేదంటే వెతికే డబ్బాలో పేస్ట్ చేసినప్పుడు "దొరకలేదు" అంటుంది, జనం ఖాళీల్నే తిట్టుకుంటారు.

ముక్కలు ఎక్కడ చేయాలన్నది డేటాని బట్టి కూడా ఉంటుంది. నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రస్ 12 అంకెలు, రెండేసి చొప్పున ఆరు జతలు, ఎందుకంటే అవి ఆరు బైట్లు. ఐపీవీ6 అడ్రస్ 32 అంకెలు, నాలుగేసి చొప్పున ఎనిమిది. తెలుగు ఫైలుని యూటీఎఫ్-8లో సేవ్ చేసి హెక్స్‌లో తెరిస్తే మూడేసి బైట్లుగా చూడాలి. "తెలుగు" అన్న పదం ఇలా ఉంటుంది: ఈ0 బీ0 ఏ4, ఈ0 బీ1 86, ఈ0 బీ0 బీ2, ఈ0 బీ1 81, ఈ0 బీ0 97, ఈ0 బీ1 81. తెలుగు బ్లాక్‌లో ఏ గుర్తైనా ఈ0 బీ0తోనో ఈ0 బీ1తోనో మొదలవుతుంది. పల్లవి లాగా అది మళ్లీ మళ్లీ వస్తుంటే, చదవకుండానే ఇది తెలుగు అని చెప్పేయొచ్చు. చివర రెండుసార్లు వచ్చిన 81 కొమ్ము. లుకి ఒకటి, గుకి ఒకటి.

అచ్చులో ఇంకో ఇబ్బంది అక్షరాల పోలిక. ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో బీ, 6 అన్నదమ్ముల్లా ఉంటాయి. సిరా కాస్త అలుక్కుంటే సీ, ఈ ఒకటే. పెద్ద అక్షరాల్లో రాస్తే బీ వెళ్లి 8తో, డీ వెళ్లి సున్నాతో కలుస్తుంది. ఒక్క ఊరట ఏంటంటే హెక్స్‌లో ఓ అనే అక్షరం లేదు. గుండ్రంగా ఏది కనిపించినా అది సున్నానే. జీఎస్టీ నంబర్లో ఈ భరోసా లేదు. అది 15 గుర్తులు, మొదట రాష్ట్రం కోడ్, తెలంగాణకి 36, ఆంధ్రకి 37, తర్వాత పది పాన్. పాన్‌లో ఓ ఉండొచ్చు. కాకపోతే దానికి చివర సరిచూసే గుర్తు ఒకటుంటుంది, ఒక గుర్తు తప్పు కొడితే సాఫ్ట్‌వేర్ అక్కడికక్కడే పట్టేస్తుంది. ఐఆర్ఎన్‌కి అదీ లేదు.

మోసం సంగతి క్లుప్తంగా చెప్తా. ఇథీరియం అడ్రస్ 40 హెక్స్ అంకెలు. వ్యాలెట్ యాప్‌లు మొదటి కొన్ని, చివరి కొన్ని చూపించి మధ్యలో చుక్కలు పెడతాయి. అందరూ మామ లాగే చూస్తారు. మోసగాళ్లు మీ స్నేహితుడి అడ్రస్‌కి మొదలూ చివరా కలిసేలా ఇంకో అడ్రస్ తయారు చేసి, దాన్నుంచి మీకు చిన్న లావాదేవీ ఒకటి పంపి హిస్టరీలో కూర్చోబెడతారు. మీరు దాన్ని కాపీ చేసుకుంటారు. 2024 మేలో ఒకరు ఇలా దాదాపు 7 కోట్ల డాలర్ల విలువైనది తప్పు అడ్రస్‌కి పంపేశారు, తర్వాత చాలావరకు తిరిగొచ్చింది కానీ అందరికీ రాదు. ముందు నాలుగు, వెనక నాలుగు, కలిపి ఎనిమిది హెక్స్ అంకెలంటే 429 కోట్ల చిల్లర అవకాశాలు. వినడానికి ఎక్కువే, కంప్యూటర్‌కి కాదు. అలాంటి చోట మధ్యలోంచి ఒకట్రెండు ముక్కలు చూడటం నేర్చుకోవాలి. నాలుగు లైన్లుగా విరిచి రాసి ఉంటే అది కష్టం కాదు.

ఇక నోటితో చెప్పడం. అన్నిటికంటే కష్టం ఇదే, తెలుగువాళ్లకి ఇంకొంచెం ఎక్కువ కష్టం. హెక్స్‌లో ఉన్న ఆరు అక్షరాల్లో బీ, సీ, డీ, ఈ నాలుగూ ఒకే ప్రాస. బేగం బజార్ సందులో ఆటో హారన్లు, తోపుడుబండ్లు, హమాలీల కేకల మధ్య ఫోన్లో ఇవి వేరుగా వినపడతాయని ఆశపడకూడదు. ఏ అంటే అవతల ఎయిట్ అని వింటారు. తెలుగు అంకెలతో కలిపి చెబితే ఇంకా సరదా. "ఈ ఏడు" అన్నామనుకోండి. ఈ, తర్వాత 7 అనా? ఈ సంవత్సరం అనా? "ఏ ఏడు" అంటే అవతలివాళ్లు "ఏ ఏడేంది సార్, గిదే ఏడు" అంటారు. మనవాళ్లు వాడే మందు "బీ ఫర్ బాంబే, డీ ఫర్ ఢిల్లీ". బాగానే పనిచేస్తుంది, కానీ 64 అంకెలకి అలా చెప్పుకుంటూ పోతే ఢిల్లీ చేరేసరికి టీ చల్లారిపోతుంది. పైగా ఒక అంకె ఎగిరిపోతే ఎవరికీ తెలియదు.

ఈ చిక్కుకి 1995లో పాట్రిక్ జువోలా, ఫిలిప్ జిమ్మర్‌మన్ ఒక మంచి ఉపాయం చేశారు. జిమ్మర్‌మన్ అంటే పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం రాసినాయన. కీ సరైనదేనా అని ఇద్దరు ఫోన్లో సరిచూసుకోవాలంటే హెక్స్ చదవాలి. దాని బదులు ప్రతి బైటుకీ ఒక ఇంగ్లీష్ మాట ఇచ్చారు. కానీ ఒక జాబితా కాదు, రెండు. ఒక స్థానానికి రెండు సిలబుల్స్ మాట, తర్వాతి స్థానానికి మూడు సిలబుల్స్ మాట, మళ్లీ రెండు, మళ్లీ మూడు. ఒక మాట ఎగిరినా, రెండుసార్లు చెప్పినా, ముందువెనకలైనా లయ తప్పి చెవికి తెలుస్తుంది. ఎక్కడో విన్నట్టుందా? నిలువు గీత, అడ్డ గీత. హళ్లి, సున్న. వాళ్లకి మన భిన్నాల గురించి తెలిసుంటుందని నేను అనడం లేదు. ఒకే కష్టానికి ఒకే మందు దొరికింది.

ఇంగ్లీష్ మాటల జాబితా మన బజారుకి పనికిరాదు. కానీ అంకెని అక్షరం చేయడం మనకి కొత్త కాదు. కర్ణాటక సంగీతంలో 72 మేళకర్త రాగాల పేర్లలో మొదటి రెండక్షరాలే కటపయాది పద్ధతిలో రాగం నంబరు చెబుతాయి. మేచకల్యాణిలో మే అంటే 5, చ అంటే 6, తిప్పి చదివితే 65. తెలుగులో గుణింతం కూడా ఊరిస్తుంది. క కా కి కీ నుంచి కం కః దాకా లెక్కపెట్టండి, సరిగ్గా 16. పదహారు హల్లులు తీసుకుంటే రెండు హెక్స్ అంకెలు ఒక్క అక్షరంలో ఇమిడిపోతాయి, 64 అంకెలు 32 అక్షరాలవుతాయి. కాగితం మీద భలే ఉంటుంది. ఫోన్లో మాత్రం కి, కీ తేడా ఎవడికి వినపడుతుంది? కృ, కౄ అయితే ఎదురుగా కూర్చున్నా వినపడదు.

కాబట్టి అత్యాశ తగ్గించుకుని నాలుగు అచ్చులే తీసుకుందాం: ఆ, ఈ, ఊ, ఓ. అన్నీ దీర్ఘాలే, ఒకదాన్నొకటి పోలవు. 2009లో డేనియల్ విల్కర్సన్ ప్రతిపాదించిన ప్రోక్వింట్ అనే పద్ధతిలో కూడా పదహారు హల్లులు, నాలుగు అచ్చులే. కానీ అతని మాటలు హల్లుతో ఆగిపోతాయి, మన నోటికి అచ్చుతో ముగిస్తేనే హాయి. హల్లుకి నాలుగు బిట్లు, అచ్చుకి రెండు. రెండక్షరాల మాటలో 12 బిట్లు, అంటే మూడు హెక్స్ అంకెలు. హల్లుల్లో ఒత్తులు వద్దు, శ ష వద్దు, ణ ళ వద్దు. మిగిలేవి పద్దెనిమిది. ఇందులో య, వ తీసేయాలి. ఎందుకంటే యీ అన్నా ఈ అన్నా మనకి ఒకటే, వూ అన్నా ఊ అన్నా ఒకటే. అవి పోతే క గ చ జ ట డ త ద న ప బ మ ర ల స హ. పదహారు! క అంటే 0, హ అంటే 15.

మన నంబర్ మొదటి పన్నెండు అంకెలు: 9ఈ4, బీ07, డీ2సీ, సీ81. మొదటిది బిట్లలో 1001 1110 0100. దాన్ని 1001, 11, 1001, 00 అని కోస్తే ప+ఓ, ప+ఆ: పోపా. మిగతావి మాగో, లామా, రూకీ. ఇప్పుడు పాత గుమాస్తాల నిలువు-అడ్డం ఉపాయం కలుపుదాం. సరి స్థానంలో వచ్చే మాటకి చివర "లు" తగిలించాలి. ఒకసారి ఏకవచనం, ఒకసారి బహువచనం. "లు" హ్రస్వం కాబట్టి అది బిట్లతో కలవదు, స్థానం చెప్పడానికే ఉంటుంది.

పోపా, మాగోలు, లామా, రూకీలు.

ఇది ఫోన్లో చెప్పొచ్చు. మధ్యలో మాగోలు ఎగిరిపోతే "పోపా, లామా" అని రెండు ఏకవచనాలు వరసగా వస్తాయి, అవతలివాళ్లు "ఆగు, ఒకటి పోయింది" అనగలరు. మొత్తం ఐఆర్ఎన్‌కి 22 మాటలు పడతాయి. 22 మాటలంటే 66 అంకెల చోటు, మనకి కావాల్సింది 64. మిగిలిన రెండు అంకెల్లో సరిచూసే బైటు ఒకటి పెట్టేయొచ్చు, జీఎస్టీ నంబర్ చివర ఉండే గుర్తు లాగా. నేను ఇంకా ఆ బైటు ఎలా లెక్కించాలో తేల్చలేదు. 32 బైట్లనీ ఊరికే కూడితే ముందువెనకలైనవి దొరకవు, సీఆర్‌సీ-8 అయితే దొరుకుతాయి కానీ చిన్న కాలిక్యులేటర్‌తో చేయలేం. ఎవరికైనా ఇంకో దారి తోస్తే క్లబ్ గ్రూపులో పెట్టండి, కోడ్ పైథాన్‌లో ముప్పై లైన్లు కూడా లేదు, పంపిస్తా.